కొండను చూచు హక్కు

కొండనెక్కుట మన జాతికి క్రొత్త కాదు. తిరుమలకును, శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లెక్కియు, అడవిదారులు త్రొక్కియు మనవారు తరతరములుగా పోవుచునే యున్నారు. కాని వారి మనస్సంతయు శిఖరమున వెలసిన దేవునిమీదనే గాని, త్రోవలో కనబడు లోయలమీద కాదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తాము నడచిన దేశమునంతయు ఎంతయో శ్రద్ధతో వ్రాసిపెట్టిరి. అయినను ఆ ప్రయాణమునకు గమ్యము గంగ, ఫలము పుణ్యము. గుడిలేని కొండయొద్దకు, అక్కడ ఏ పనియు లేనివాడు, కేవలము చూచుటకై పోవుట యను ఆచారమునకు వేరొక చరిత్ర కలదు. బ్రిటనులో అది వేరూనిన చోటు ఇంగ్లండు వాయవ్యభాగముననున్న లేక్ డిస్ట్రిక్టు. దానిని మనము సరోవరసీమ యందము.

పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ దేశమెల్ల వర్ణించి గ్రంథము వ్రాసిన డేనియల్ డీఫో ఈ ప్రాంతమును మిక్కిలి బీడు, మిక్కిలి భయంకరము అని నిందించెను. ఏబదియేండ్లు తిరుగకముందే ఆ భయమే ఆకర్షణగా మారెను. ఇటలీ దృశ్యములను చిత్రించిన క్లాడ్ లొరేన్ వంటి చిత్రకారుల పటములను గోడలకు తగిలించుకొన్న శ్రీమంతులు, అట్టి పటములవంటి ప్రదేశములు స్వదేశమునందే గలవా యని వెదకసాగిరి. 1769లో థామస్ గ్రే కవి ఇచటికి వచ్చి దినచర్య వ్రాసెను. 1778లో థామస్ వెస్ట్ అను మతాచార్యుడు సరోవరసీమకు మార్గదర్శిని యొకటి ప్రకటించి, ఏ సరస్సును ఏ గట్టుమీద ఏ చెట్టుకడ నిలిచి చూడవలెనో విధించెను. ఆ స్థానములకు ఆయన ‘స్టేషనులు’ అని పేరిడెను. ఫ్రాన్సుతో 1793లో యుద్ధము మొదలై ఐరోపాయాత్ర దుర్ఘటము కాగా, రోమునకు పోవలసినవారును ఇచటి విండర్మియర్ సరస్సునకే వచ్చిరి.

ఆ యాత్రికులు కొండను చూచిన తీరు విచిత్రమైనది. వారి చేతిలో క్లాడ్ పేరిట పిలువబడు చిన్న అద్ద ముండెడిది. పుస్తకమువలె మడిచి జేబులో పెట్టుకొనదగినది, నడుమ కొంచె ముబ్బినది, నల్లని పూతగలది. చూడదగిన చోటికి చేరి, కొండకు వీపు త్రిప్పి నిలిచి, అద్దమును ముఖమున కెదురుగా పట్టుకొన్నచో, విశాలమైన లోయ యంతయు కుదించుకొని, రంగులు మెత్తబడి, అరచేతిలో పటమై కనబడును. గ్రే ఒకనాడు ఆ అద్దమును చేతబట్టుకొని నడచుచు బురదదారిలో వెల్లకిల పడి, వ్రేళ్ళ కణుపులు చిట్లించుకొన్నాడు. విండర్మియర్ పడమటి ఒడ్డున వెస్ట్ నిర్దేశించిన స్థానమున 1790ల దశకములో క్లైఫ్ స్టేషను అను చూపుటిల్లు వెలసెను. దాని కిటికీలకు రంగుటద్దములు బిగించిరి: పసుపుపచ్చ అద్దములోనుండి చూచినచో వేసవి, నారింజరంగులోనుండి శరత్తు, లేతాకుపచ్చలో వసంతము, ముదురునీలములో వెన్నెలరాత్రి. ఒక్క గదిలో నిలిచి, ఒక్క గడియలో, సంవత్సరమంతయు చూచివేయవచ్చును.

చూపుతోపాటు వినికిడియు క్రయవస్తు వయ్యెను. సరస్సులమీద ఫిరంగులు ప్రేల్చి, ఆ ధ్వని కొండకొండకును తగిలి మరలివచ్చుట వినుటకు సొమ్ము చెల్లించెడివారు. డెర్వెంట్‌వాటరు సరస్సు కొననున్న లొడోర్ జలపాతముచెంత సత్రమునందు ఈ ప్రతిధ్వనికి సైతము మేలురకము, తక్కువరకము అని రెండు ధర లుండెను. కొండలు అక్కడివే, గాలి అక్కడిదే. మధ్య నొక చేయి చాపి రొక్కము పుచ్చుకొనుటయే క్రొత్త.

విలియం వర్డ్స్‌వర్త్ ఆ సీమయందే 1770లో పుట్టి, ఆ సీమయందే జీవితములో అధికభాగము గడపిన కవి. 1810లో పేరు లేకుండ ఒక చిత్రసంపుటికి పీఠికగా వ్రాసిన రచనను ఆయన పెంచుచు, దిద్దుచు 1835 నాటికి సంపూర్ణమైన గ్రంథముగా చేసెను. అందులో స్టేషనుల పట్టికకన్న గొర్రెలకాపరుల రాతియిండ్లకును, తడికలులేని పచ్చికలకును, కొండవాలునకు తగని తెల్లసున్నపు మేడలు కలిగించు హానికిని ఎక్కువ చోటు దొరకెను. ఈ సీమ సౌందర్యమును గుర్తింపగల కన్నును అనుభవింపగల హృదయమును గల ప్రతివానికిని దానియందు భాగ మున్నదని ఆయన అందులోనే భావించెను. అట్టివాడే 1844లో కెండలునుండి విండర్మియరునకు రైలుమార్గము వేయబోగా, పట్టణములనుండి కూలిజనము గుంపులుగా దిగినచో ఏకాంతము చెడునని పత్రికలలో తీవ్రముగా ప్రతిఘటించెను. ఆయనకు తన కొండలపై గల ప్రేమ నిర్వ్యాజమైనది. కాని జనులను గూర్చి ఆయన తీర్పు తప్పు. 1847లో రైలు వచ్చెను. తరువాతి శతాబ్దమున ఆ కొండలను కాపాడినవారిలో ఆ గుంపులలో వచ్చినవారే యనేకులు.

అసలు ముప్పు మఱియొక దిక్కునుండి వచ్చెను. మాంచెస్టరు నగరము తన దాహము తీర్చుకొనుటకై థర్ల్‌మియర్ సరస్సునకు ఆనకట్ట కట్టుటకు 1879లో శాసనము సంపాదించి, 1894లో నీటిని నగరమునకు చేర్చెను. సరస్సు పొంగి ఒడ్డుననున్న ఇండ్లను ముంచినది. మఱియొకవంక భూస్వాములు పూర్వమునుండి నలుగురు నడచిన కొండదారులను మూసివేయ నారంభించిరి. కెజిక్ పట్టణమునకు తలాపున నున్న లాట్రిగ్ కొండదారిని అట్లు మూయగా, 1887 అక్టోబరులో సుమారు 2000 మంది, అడ్డుకట్టలను త్రోసికొని, శిఖరమువఱకు నడచిరి. వ్యాజ్యము నడచి, మఱుసటియేట రాజీ కుదిరి, దారి జనులకు దక్కెను.

థర్ల్‌మియర్ ఓటమి కొందరికి బుద్ధి చెప్పెను: మాటతో ఆపజాలని దానిని కొని కాపాడవలెను. హార్డ్‌విక్ రాన్‌స్లీ అను మతాచార్యుడు, ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటరు కలిసి 1895లో నేషనల్ ట్రస్టును స్థాపించిరి. 1902లో డెర్వెంట్‌వాటరు ఒడ్డున బ్రాండెల్‌హౌ అను 108 ఎకరముల భూమి అమ్మకమునకు రాగా, 6500 పౌనులు కావలసివచ్చెను. చందాలు కొద్ది నెలలలోనే పోగయ్యెను. ఒక కార్మికుడు రెండు షిల్లింగులు పంపుచు, తాను ఆ సరస్సును ఒక్కమారు చూచితిననియు, దానిని మఱవజాలననియు వ్రాసెను. వర్డ్స్‌వర్త్ జంకిన జన మిదియే. ఆ రెండు షిల్లింగుల లేఖకన్న గొప్ప సమాధానము రైలును సమర్థించినవా రెవ్వరును వ్రాయలేదని నా నమ్మకము.

అటుపిమ్మట కథ వేగముగా నడచినది. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండులోనే మఱియొక కొండసీమయైన పీక్ డిస్ట్రిక్టులోని కిండర్ స్కౌట్ అను బీటిపైకి, వేటకై కాపలాపెట్టిన భూమిలోనికి, మాంచెస్టరు పరిసరముల యువకులు వందలుగా నడచిరి. వారిలో ఐదుగురు చెఱసాల పాలైరి. జాన్ డవర్ అను వాస్తుశిల్పి, క్షయరోగముతో క్షీణించుచునే, జాతీయవనముల స్వరూపమును నిర్ణయించు నివేదికను 1945లో ప్రభుత్వమున కొసగెను, 1947లో కన్నుమూసెను, ఆయన తలంచినది 1949 శాసనములో ఫలించెను. 1951 ఏప్రిలులో పీక్ డిస్ట్రిక్టు, మేలో సరోవరసీమ, అక్టోబరులో వేల్సునందలి స్నోడోనియా జాతీయవనము లయ్యెను.

మనదేశమున జాతీయవన మన్నచో మనుష్యసంచారము నిషేధించిన అడవి మనకు స్ఫురించును. బ్రిటనులో అట్లు గాదు. అందు భూమి చాలవఱకు రైతులది, ట్రస్టులది, ఇతర యజమానులది. ఊళ్ళున్నవి, బడులున్నవి, హెర్డ్‌విక్ గొర్రెలు తమ తల్లులనుండి నేర్చుకొన్న కొండభాగమునందే కంచె లేకుండగనే మేయుచున్నవి. ఆ గొర్రెలను పెంచి, 1943లో మరణించునపుడు 4000 ఎకరములకు మించిన భూమిని ట్రస్టునకు వ్రాసిపోయిన బియాట్రిక్స్ పాటరు, బాలల పుస్తకములు వ్రాసి సంపాదించిన ధనముతో ఆ పొలములను కొన్నది. ఈ బ్రదుకంతయు కలిసినదే ఆ సౌందర్యమని 2017లో యునెస్కో వారు ఆ సీమను సాంస్కృతిక దృశ్యముగా ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చిరి.

నేడు మాంచెస్టరు, లీడ్సు నగరములందలి తెలుగు కుటుంబములు సెలవుదినములలో విండర్మియరునకు పోవుచున్నవి. పడవయెక్కి, ఛాయాచిత్రములు తీసికొని సాయంకాలమునకు మరలుచున్నవి. వారిని నేను కోరున దొక్కటి: పడవరేవుకడనే ఆగక, లాట్రిగ్ మీదికిగాని, బ్రాండెల్‌హౌ ఒడ్డునకుగాని పిల్లలను వెంటబెట్టుకొని నడువుడు, పొలముల గేటులను దాటిన పిమ్మట మఱల మూయుడు. ఇంగ్లండు, వేల్సులందు పర్వతములపైనను, బీళ్ళపైనను కాలినడకన స్వేచ్ఛగా తిరుగు హక్కును 2000 నాటి శాసనము ప్రతివానికిని ఇచ్చినది. కిండర్ స్కౌట్ మీద నడచి ఐదుగురు చెఱకు పోయిన అఱువదియెనిమిదేండ్లకు వచ్చిన ఆ హక్కు మీకును చెందును.