7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు.. నిజాం కాలం నాటి ఆ బ్యాంకు ఇప్పుడు ఎక్కడుంది?

నయాపూల్ దాటి పాతబస్తీలోకి వెళ్లే జనం చేతుల్లో ఒకప్పుడు రెండు రకాల రూపాయలు ఉండేవి. ఒకటి నిజాం సర్కారు ముద్రించిన హాలీ సిక్కా. దాని మీద చార్మినార్ బొమ్మ ఉండేది. రెండోది బ్రిటిష్ ఇండియా రూపాయి. దాన్ని జనం 'కల్దార్' అనేవారు. రెండింటి విలువ ఒకటి కాదు. 7 హాలీ రూపాయలు ఇస్తే 6 కల్దార్లు వచ్చేవి.

సొంత నోట్లు ఎందుకు?

మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో వెండికి కొరత వచ్చింది. దీంతో 1918లో హైదరాబాద్ సంస్థానం సొంతంగా కాగితం నోట్లు తెచ్చింది. ఈ కరెన్సీ వ్యవహారాలు, సర్కారు అప్పులు చూసేందుకు ఒక బ్యాంకు కావాల్సి వచ్చింది. అలా 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పెట్టారు. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో తొలి బ్రాంచ్ తెరుచుకుంది. మామూలు బ్యాంకు లావాదేవీలు చేస్తూనే, సంస్థానానికి కేంద్ర బ్యాంకు లాంటి పనులూ చేసేది.

అటు రిజర్వ్ బ్యాంక్ కథ వేరు

బ్రిటిష్ ఇండియాలో రిజర్వ్ బ్యాంక్ 1935 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు అది ప్రైవేటు వాటాదారుల బ్యాంకు, మూలధనం 5 కోట్ల రూపాయలు. 1949 జనవరి 1న జాతీయం చేశాక పూర్తిగా ప్రభుత్వానిదైంది.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. ఒకే దేశంలో రెండు కరెన్సీలు ఎక్కువ కాలం నడవవు కదా! 1950ల్లో హాలీ సిక్కాను దశలవారీగా పక్కన పెట్టారు. పాత 7:6 లెక్కలో చూస్తే 70 హాలీ రూపాయలు 60 ఇండియా రూపాయలతో సమానం. చేతిలో అంకె తగ్గినట్టు కనిపిస్తుంది కానీ విలువ తగ్గలేదు.

బ్యాంకు ఏమైంది?

- 1953: మర్కంటైల్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఇందులో కలిసింది.
- 1956: రిజర్వ్ బ్యాంక్ అనుబంధ సంస్థగా మారింది. పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్.
- 1959: ఎస్‌బీఐ అనుబంధ బ్యాంకు అయింది.
- 2017 ఏప్రిల్ 1: ఎస్‌బీఐలో పూర్తిగా విలీనమైంది.

అంటే బ్రిటిష్ కాలంలో ప్రైవేటు వాటాలతో పుట్టిన బ్యాంకు దేశానికి కేంద్ర బ్యాంకు అయింది. సంస్థానానికి ఆ పనులు చేసిన బ్యాంకు మాత్రం మామూలు బ్యాంకుగా మారి, చివరికి పేరే లేకుండా పోయింది. ఒక దేశానికి ఒకే రూపాయి అన్నాక, దాన్ని నడిపే బ్యాంకు కూడా ఒకటే ఉండాలి మరి.

ఇంట్లో పాత పాస్‌బుక్ ఉందా?

పెద్దవాళ్ల పేరు మీద ఎస్‌బీహెచ్ పాస్‌బుక్ దొరికితే పారేయొద్దు. ఆ ఖాతాలు ఎస్‌బీఐకి మారాయి. 10 ఏళ్లు లావాదేవీలు లేని ఖాతాల్లోని డబ్బు రిజర్వ్ బ్యాంక్ నిధికి వెళ్తుంది. అయినా హక్కు పోదు. రిజర్వ్ బ్యాంక్ 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరుతో వెతకొచ్చు. వివరాలు దొరికితే పాస్‌బుక్, గుర్తింపు కార్డుతో ఎస్‌బీఐ బ్రాంచ్‌కి వెళ్లి అడగాలి. ఖాతాదారు చనిపోయి ఉంటే నామినీ లేదా వారసులు క్లెయిమ్ చేసుకోవచ్చు.