రాయలెక్స్ ఎందుకు పోయింది?

మొన్న వేసవిలో మా బావమరిదితో కలిసి మెయిన్ రాష్ట్రంలో ఒక నదిలో కనూ నడిపాను. నడిపానని అనకూడదు లెండి, నీళ్ళే నడిపాయి. బండరాయికి అడ్డంగా తగులుకుని పడవ అడుగు బాగా లోపలికి నొక్కుకుపోయింది. "అయిపోయింది బావా, డిపాజిట్ పోయినట్టే" అన్నాడు వాడు. ఒడ్డుకి లాగేసరికి 'టప్' మని సొట్ట దానంతటదే బయటికొచ్చేసింది! అద్దెకిచ్చినాయన గీతల్ని పట్టించుకోలేదు. "అది రాయలెక్స్. కొత్తది ఇక దొరకదు" అన్నాడంతే.

ఎందుకు దొరకదు? ఇంటికొచ్చి తవ్వడం మొదలెట్టాను.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ అల్యూమినియం కనూలు మొదలుపెట్టింది. గట్టివే, కానీ రాయి తగిలితే జారవు, అక్కడే పట్టేస్తాయి. ఫైబర్‌గ్లాసు జారుతుంది, కానీ గట్టిగా తగిలితే పగులుతుంది. యూనిరాయల్ వాళ్ళ రాయలెక్స్ ఈ రెండు బాధలూ తప్పించింది. మధ్యలో ఏబీఎస్ నురుగు, దానికి అటూఇటూ గట్టి ఏబీఎస్, పైన వినైల్ పొర. పలకల్లా వచ్చినదాన్ని పడవలవాళ్ళు వేడిచేసి అచ్చులో వంచుకునేవాళ్ళు. 1970ల్లో ఓల్డ్ టౌన్ కంపెనీ తమ రాయలెక్స్ కనూని ఫ్యాక్టరీ కప్పు మీంచి కిందకి తోసి మరీ చూపించింది.

కయాక్ కథ వేరు. 1933లో ఐసీఐ ల్యాబులో వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికిన పాలిథిలిన్ దానికి కలిసొచ్చింది. పొడిని అచ్చులో పోసి, పొయ్యిలో తిప్పుతూ కాలిస్తే లోపలి గోడలకి కరిగి అంటుకుంటుంది. మన మేడల మీది నల్ల నీళ్ళట్యాంకులూ ఇలా చేసేవే. 1973లో హాలోఫామ్ వాళ్ళ రివర్ చేజర్ కయాక్ ఇలాగే వచ్చింది. చవక, మహా మొండి. కాకపోతే బరువు, మెతక. పైగా దానికి ఏ జిగురూ సరిగా అంటదు, అతుకెయ్యడం కష్టం. కయాక్‌కి పైన మూత ఉంటుంది కాబట్టి ఆకారం నిలుస్తుంది. కనూ పైన తెరిచి ఉంటుందే, ఒంటి పొరతో చేస్తే నడుం నిలవదు. కోల్‌మన్ వాళ్ళు తమ రామ్-ఎక్స్ కనూలో అల్యూమినియం గొట్టాలు పెట్టాల్సొచ్చింది. 1984లో ఓల్డ్ టౌన్ మధ్యలో నురుగుతో మూడు పొరల పాలిథిలిన్ తెచ్చింది. వంగే గొడవ తీరింది, బరువు తీరలేదు.

ఇంతకీ రాయలెక్స్ ఓడిపోలేదండీ. చేతులు మారుతూ స్పార్టెక్ దగ్గరికొచ్చింది. ఆ స్పార్టెక్‌ని 2013లో పాలీవన్ కొనేసి, అమ్మకాలు చాలవని దీని తయారీ ఆపేసింది. సప్లయర్ వాళ్ళొక్కరే. అందరూ ఒకే లైబ్రరీ మీద కోడు కట్టుకుంటే మెయింటెయినర్ మానేసినట్టు :). క్యుబెక్‌లో ఎస్కిఫ్ కంపెనీ 2014లో మూతపడింది. తర్వాత అలాంటిదే టీ-ఫార్మెక్స్ అని సొంతంగా చేసుకుని మళ్ళీ తెరిచింది.

మావాడు ఇప్పుడు పాత రాయలెక్స్ కోసం వెతుకుతున్నాడు. పాలిథిలిన్‌దే కొనుక్కోరా, చవకలో అయిపోతుంది అన్నాను.

"కారు మీదకి ఎత్తేది నువ్వా బావా?" అన్నాడు.