పబ్లిక్ వైఫైలో ల్యాప్‌టాప్‌కి కాపలా ఎవరు? ఫైర్‌వాల్ కథ

ఒక ప్రేక్షకుడు మెయిల్ రాశారు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారట, ఉద్యోగ రీత్యా ఎక్కువగా రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్లలో వైఫై వాడతారట. “ఏ ఫైర్‌వాల్ వేసుకోమంటారు, డబ్బు పెట్టి కొనాలా, ఫ్రీది చాలా?” అని ప్రశ్న. జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ జవాబు ఎందుకు సరైనదో తెలియాలంటే కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి. నాకు ఇష్టమైన భాగం కూడా అదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1988 నవంబరు 2. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ రాసిన ఒక ప్రోగ్రామ్ తనంతట తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకింది. అప్పటి ఇంటర్నెట్ మొత్తం కలిపితే సుమారు 60 వేల యంత్రాలు. అందులో పదో వంతు స్తంభించిపోయాయని అంచనా. అంతదాకా ఇంటర్నెట్ అంటే ఒకరికొకరు తెలిసినవాళ్ల ఊరు లాంటిది, తలుపులు వేసుకునే అలవాటే లేదు. ఆ దెబ్బతో సంస్థలు గేటు దగ్గర కాపలా పెట్టడం మొదలెట్టాయి. ఇజ్రాయెల్ కంపెనీ చెక్ పాయింట్ 1994లో ఫైర్‌వాల్-1 తెచ్చింది. ఇవన్నీ ఆఫీసు మొత్తానికి ఒకటే గోడ. లోపల కూర్చున్న కంప్యూటర్లకి విడిగా రక్షణ ఏమీ ఉండేది కాదు.

మరి ఇంట్లో కంప్యూటర్? డయలప్ రోజులు గుర్తున్నాయా, మోడెమ్ కీచుమంటూ కనెక్ట్ అయ్యేది. అలా కనెక్ట్ అయిన మీ విండోస్ 98కి నేరుగా ఇంటర్నెట్ అడ్రస్ వచ్చేది. మధ్యలో ఇప్పటిలా రౌటర్ లేదు. ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉంటే మీ సి డ్రైవ్ వీధి అరుగు మీద పెట్టినట్టే. ఈ సంగతి జనానికి కళ్లకు కట్టినట్టు చూపించినాయన స్టీవ్ గిబ్సన్. ఆయన సైట్‌లో బటన్ నొక్కితే, “ఇదిగో మీ కంప్యూటర్‌లో ఈ పోర్టులు తెరిచి ఉన్నాయి” అని చూపించేది. చాలామందికి నిద్ర పట్టలేదు.

ఆ భయంలోంచే పర్సనల్ ఫైర్‌వాల్ పుట్టింది. 2000లో వచ్చిన జోన్‌అలారమ్ ఇంటి వాడకానికి ఉచితం. దాని గొప్పతనం ఏమిటంటే, బయట నుంచి వచ్చేవాటిని ఆపడమే కాదు, లోపలి నుంచి ఏ ప్రోగ్రామ్ బయటికి వెళ్లబోయినా ఆపి మిమ్మల్ని అడుగుతుంది. వినడానికి బాగుంది కదా! కానీ అది అడిగే ప్రశ్నలేమిటి? “ఎస్‌విసిహోస్ట్ ఇంటర్నెట్‌కి వెళ్లాలనుకుంటోంది, పంపమంటారా?” ఎస్‌విసిహోస్ట్ అంటే ఏమిటో మామూలు మనిషికి ఏం తెలుసు? వద్దంటే నెట్ ఆగిపోయేది. దాంతో రెండో రోజు నుంచి ఏది అడిగినా ‘యస్’ నొక్కేయడమే. చదవకుండా సంతకం పెట్టే గుమాస్తాని కాపలా పెట్టినట్టు అన్నమాట.

ఇక 2003. విండోస్ ఎక్స్‌పిలో మైక్రోసాఫ్ట్ వాళ్లే ఒక ఫైర్‌వాల్ పెట్టారు. కానీ మామూలుగా అది ఆఫ్‌లో ఉండేది! ఆగస్టు 11న బ్లాస్టర్ వచ్చింది. 135వ నంబర్ పోర్టులోంచి దూరేది. మీరు ఏ మెయిలూ తెరవక్కర్లేదు, ఏదీ క్లిక్ చేయక్కర్లేదు, నెట్‌కి కనెక్ట్ అయితే చాలు. స్క్రీన్ మీద అరవై సెకన్ల కౌంట్‌డౌన్, తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్. దానికి విరుగుడు ప్యాచ్ జూలై 16నే విడుదలైంది, అంటే 26 రోజుల ముందే. మరుసటి ఏడాది సాసర్ కూడా ఇదే తంతు. 2004 ఆగస్టులో ఎక్స్‌పి సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ మొదటి నుంచే ఆన్‌లో ఉండడం మొదలైంది. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అతి పెద్ద మలుపు ఇదే. ఏ గొప్ప సాఫ్ట్‌వేరూ చేయలేని పని, ఒక స్విచ్‌ని ఆఫ్ నుంచి ఆన్‌కి మార్చడం చేసింది.

ఇంకో సంఘటన చెప్పాలి, దీన్ని చాలామంది మర్చిపోయారు. అదే 2004 మార్చిలో విట్టీ అనే వార్మ్ వచ్చింది. అది దూరిందే ఫైర్‌వాల్‌లోంచి! బ్లాక్ఐస్ అని అప్పట్లో పేరున్న పర్సనల్ ఫైర్‌వాల్. దానిలోనూ, అదే కంపెనీ తయారుచేసిన మరికొన్ని ఉత్పత్తుల్లోనూ ఉన్న లోపం బయటపడి రెండు రోజులు తిరక్కుండానే సుమారు 12 వేల కంప్యూటర్లకి సోకింది. ఊరికే పాకడం కాదు, హార్డ్ డిస్క్ మీద ఎక్కడపడితే అక్కడ చెత్త రాసుకుంటూ పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ లేనివాళ్లకి ఏమీ కాలేదు. జాగ్రత్తపడి కొనుక్కున్నవాళ్ల డేటానే పోయింది. కంచే చేను మేయడం అంటే ఇదే. కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా నాకు విట్టీయే గుర్తొస్తుంది.

పబ్లిక్ వైఫైకి వద్దాం. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని నొక్కితే, చుట్టుపక్కల వాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ లాగిన్లు చేతికి వచ్చేవి. ఇక్కడ ఏ ఫైర్‌వాలూ పనికిరాదు, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్‌లోకి ఎవరూ దూరడం లేదు, గాల్లో పోయేదాన్ని పట్టుకుంటున్నారు అంతే. దానికి మందు హెచ్‌టీటీపీఎస్. ఇప్పుడు దాదాపు సైట్లన్నిటికీ అది ఉంది.

మన దగ్గర 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై మొదలెట్టాయి. ఏప్రిల్‌కల్లా విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకి వచ్చింది. 2018 నాటికి 400 స్టేషన్లు. ఇంట్లో అయితే రౌటర్ మీ ముందు నిలబడి కొంత కాస్తుంది. స్టేషన్‌లో మీ పక్క బెంచీ మీద కూర్చున్న అపరిచితుడూ మీరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండొచ్చు. అంటే ల్యాప్‌టాప్ వరకు మళ్లీ 1998కి వెళ్లినట్టే.

కాబట్టి ఆ ప్రేక్షకుడికి నా జవాబు: ఈ పనికి డబ్బు పెట్టి ఏదీ కొనకండి. విండోస్‌తో వచ్చినదే చాలు. విస్టా నుంచి దానికి పబ్లిక్, ప్రైవేట్ అని వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. బయట ఏ వైఫైకి కలిసినా పబ్లిక్ అనే ఉంచండి. మ్యాక్ అయితే సెట్టింగ్స్‌లో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసుకోండి. రెండు ఫైర్‌వాల్స్ ఒకేసారి మాత్రం పెట్టకండి, అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఏ ప్రోగ్రామ్ బయటికి మాట్లాడుతోందో చూడాలనే కుతూహలం ఉంటే విండోస్ సొంత ఫైర్‌వాల్ మీదే పనిచేసే టైనీవాల్ లాంటివి ఉన్నాయి, అది మీ ఓపిక.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా ఉంటుంది, దాన్ని తెరవండి. ప్రైవేట్, పబ్లిక్ అని రెండు వరసలు కనిపిస్తాయి. ఎప్పుడో ఒక గేమో, వీడియో కాల్ యాప్‌నో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హడావిడిగా నొక్కిన ‘అలౌ’లన్నీ అక్కడే ఉంటాయి. పబ్లిక్ వరసలో మీకు అక్కర్లేని టిక్కులు తీసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో వీపీఎన్ సంగతి మాట్లాడుకుందాం. ఉంటానండి.