మఱుగుపడు పనిముట్టు

సులోచనములు ధరించి చదువునపుడు మనము అక్షరములనే చూతుము గాని అద్దములను చూడము. అద్దము మసకబారినపుడే అది యున్నదని తోచును.

1927లో జర్మను తత్త్వవేత్త హైడెగ్గరు సుత్తెను దృష్టాంతముగా గైకొని యీ విషయమునే వివరించెను. సుత్తె చక్కగా సాగునంతకాలము పనివాని మనస్సు పనిమీదనే యుండును. అది పాడైనపుడే దానిపై దృష్టి పడును. 1945లో ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో-పాంటీ అంధుని చేతికఱ్ఱను గూర్చి యిట్లే వ్రాసెను. వాడుక కుదిరిన పిమ్మట కఱ్ఱ అతనికి వస్తువు గాదు. దాని కొనయే అతని స్పర్శయగును.

అయితే దీనిని కొలుచుటెట్లు? 2010లో డొటోవ్, నీ, కెమెరో అను మువ్వురు పరిశోధకులు అమెరికాలో జరిపిన ప్రయోగములను ప్రకటించిరి. కంప్యూటరు మౌసుతో ఆట నాడించుచు, నడుమ కొన్ని క్షణములు మౌసు సరిగా పనిచేయకుండ జేసిరి. అంతట ఆడువారి చేతి కదలికల తీరు మాఱెను. ఆడుచునే మూడేసి తగ్గించుచు సంఖ్యలు చెప్పుచున్నవారి లెక్కయు మందగించెను. దృష్టి పనినుండి పనిముట్టుకు మరలుట యిట్లు కొలతకు చిక్కెను.

నేను దీనినుండి గ్రహించినది యొకటి కలదు. పనిముట్టు మంచిచెడ్డలకు సాక్షి దానిని చేసినవాడు గాడు, వాడువాడే. క్రొత్త యంత్రము చేతికి లొంగనపుడు మన తెలివిని నిందించుకొనక, కొంత అభ్యాసము చేసి చూతము. అప్పటికిని అదియే కంటికి అడ్డుపడుచున్నచో, లోపము యంత్రమునదే యని నిస్సంకోచముగా చెప్పవచ్చును.