ధారారేఖలు: సంకీర్ణ సంఖ్యలు చూపిన దారి

వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, స్తంభం దగ్గర నీరు రెండు పాయలుగా చీలి, దాన్ని దాటాక మళ్ళీ కలవడం కనిపిస్తుంది. ప్రతి బిందువు వద్దా నీటి వేగదిశను స్పర్శిస్తూ సాగే రేఖే ధారారేఖ. ఈ రేఖలను లెక్కకట్టి గీయడం ఎలా? దీనికి జవాబు దొరకడానికి సుమారు వంద సంవత్సరాలు పట్టింది. ఆ జవాబు తనతోపాటు ఒక పెద్ద చిక్కును కూడా తెచ్చింది.

ప్రవాహాల నిరోధంపై బెర్లిన్ అకాడమీ 1750 సంవత్సరానికి ఒక బహుమతి పోటీ ప్రకటించింది. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ వ్యాసం పంపాడు. లెక్కలను ప్రయోగాలతో పోల్చి చూపాలంటూ అకాడమీ బహుమతిని వాయిదా వేసింది. నొచ్చుకున్న డాలంబేర్ పోటీ నుంచి తప్పుకొని, 1752లో ఆ రచనను పారిస్‌లో ప్రచురించాడు. నేడు మనం కోషీ–రీమాన్ సమీకరణాలుగా చదువుకునేవి మొదట అందులోనే కనిపించాయి. 1757లో ఆయిలర్ ఆదర్శ ద్రవ చలన సమీకరణాలను, 1781లో లగ్రాంజ్ ధారా ప్రమేయాన్ని అందించారు. ఆ తర్వాత కోషీ, 1851లో రీమాన్ సంకీర్ణ ప్రమేయాల సిద్ధాంతానికి పునాదులు వేయడంతో పద్ధతి సిద్ధమైంది.

పద్ధతి ఇది. ద్రవం సంపీడనం చెందదనీ, దానికి స్నిగ్ధత, సుడి లేవనీ, ప్రవాహం ఒకే తలంలో ఉందనీ అనుకుందాం. అప్పుడు ప్రవాహం మొత్తాన్ని సంకీర్ణ పొటెన్షియల్ అనే ఒకే ప్రమేయంతో చెప్పవచ్చు. దాని వాస్తవ భాగం వేగ పొటెన్షియల్, కల్పిత భాగం ధారా ప్రమేయం. కల్పిత భాగాన్ని ఒక స్థిరాంకానికి సమానం చేస్తే ఒక ధారారేఖ వస్తుంది. స్థిరాంకాన్ని మారుస్తూ పోతే మిగతా రేఖలన్నీ వస్తాయి.

గుండ్రని స్తంభాన్నే తీసుకుందాం. దాని చుట్టూ ప్రవాహానికి

ధారా ప్రమేయం = దూరాన నీటి వేగం × (కేంద్రం నుంచి దూరం − వ్యాసార్ధ వర్గం ÷ కేంద్రం నుంచి దూరం) × సైన్ కోణం.

స్తంభం అంచున కుండలీకరణంలోని విలువ సున్నా. అంటే స్తంభం అంచే ఒక ధారారేఖ. నీరు దాన్ని దాటి లోపలికి పోదు. వ్యాసార్ధం 1 మీటరు అనుకోండి. కేంద్రానికి సరిగ్గా పక్కన, 90 డిగ్రీల కోణంలో, 2 మీటర్ల దూరాన కుండలీకరణం విలువ 2 − 0.5 = 1.5. కాబట్టి ఎగువన చాలా దూరంలో మధ్యరేఖకు 1.5 మీటర్ల పక్కగా వచ్చిన ధారే ఇక్కడ 2 మీటర్ల దూరానికి జరిగింది. ఇరుకైన దారిలో నీరు వేగం పుంజుకుంటుంది. స్తంభం పక్క అంచు వద్ద వేగం సరిగ్గా రెట్టింపు.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ రేఖలు స్తంభానికి ముందూ వెనుకా ఒకేలా ఉంటాయి. కాబట్టి పీడనం కూడా రెండు వైపులా సమానమే. అంటే నీరు స్తంభాన్ని నెట్టడమే లేదు! వరదలో వంతెనలు కొట్టుకుపోవడం చూసినవారు దీన్ని ఎలా నమ్ముతారు? దీనికే డాలంబేర్ వైరుధ్యం అని పేరు.

1898లో హీలీ–షా రెండు గాజు పలకల మధ్య సన్నని సందులో రంగు ధారలను పంపి, సరిగ్గా ఇవే రేఖలను కళ్ళకు కట్టాడు. విశేషమేమిటంటే, అక్కడ స్నిగ్ధతదే పైచేయి. అలాంటి సన్నని పొరలో రేఖలు ఆదర్శ ద్రవపు రేఖల్లాగే ఉంటాయని స్టోక్స్ నిరూపించాడు.

వైరుధ్యానికి కారణాన్ని 1904లో హైడెల్‌బర్గ్ సభలో ప్రాంటల్ వివరించాడు. స్నిగ్ధత ఎంత తక్కువైనా, వస్తువును అంటిన పలుచని పొరలో దాన్ని వదిలేయకూడదు. ఆ పొర వెనుకవైపు ఉపరితలాన్ని విడిచిపోవడంతో సుడులు పుడతాయి, నిరోధం ఏర్పడుతుంది.

అయినా పాత పద్ధతి మూలన పడలేదు. సంకీర్ణ పొటెన్షియల్‌కు ప్రసరణను సూచించే లాగరిథం పదం కలిపితే రేఖల సౌష్ఠవం పైకీ కిందికీ మధ్య చెదురుతుంది, ఉత్థాపక బలం వస్తుంది. రైట్ సోదరులు 1903లో ఎగిరిన ఆ కాలంలోనే, 1902లో కుట్టా, 1906లో జుకోవ్‌స్కీ విమానపు రెక్కకు ఈ లెక్క చూపారు. నిరోధాన్ని చెప్పలేకపోయిన పద్ధతే రెక్కను గాలిలో నిలిపే బలాన్ని చెప్పింది. ఏ ఊహల మీద లెక్క నిలిచిందో తెలిస్తేనే, దాన్ని ఎక్కడ నమ్మాలో తెలుస్తుంది.

ఇప్పుడు మీరే చేసి చూడండి. అదే స్తంభం పక్కన 3 మీటర్ల దూరాన సాగే ధార, ఎగువన మధ్యరేఖకు ఎంత దూరంలో బయలుదేరింది?