సమలంబ చతుర్భుజ వైశాల్యం

జ్యామితిలో ఒక జత ఎదుటి భుజాలు సమాంతరంగా గల చతుర్భుజాన్ని సమలంబ చతుర్భుజం అంటారు. దీనిని భారతదేశంలోనూ, బ్రిటన్‌లోనూ ట్రెపీజియం అనీ, అమెరికాలో ట్రెపిజాయిడ్ అనీ పిలుస్తారు. సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని వాటి మధ్య గల లంబదూరంతో గుణిస్తే దీని వైశాల్యం లభిస్తుంది.

సూత్రం

సమాంతర భుజాల పొడవులు క, చ అనీ, వాటి మధ్య లంబదూరం అనగా ఎత్తు ఎ అనీ అనుకుంటే,

వైశాల్యం = ½ × (క + చ) × ఎ

ఇక్కడ ఎత్తు అంటే ఏటవాలు భుజం పొడవు కాదు. మిగిలిన రెండు భుజాలలో ఒకటి సమాంతర భుజాలకు లంబంగా ఉన్నప్పుడు మాత్రమే ఆ భుజం పొడవు ఎత్తుకు సమానమవుతుంది.

నిరూపణ

సమలంబ చతుర్భుజంలో ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు ఏర్పడతాయి. ఒకదాని భూమి క, రెండవదాని భూమి చ. భూములు సమాంతర రేఖలపై ఉన్నందున రెండింటి ఎత్తు ఒకటే. కనుక వాటి వైశాల్యాలు ½ × క × ఎ, ½ × చ × ఎ అవుతాయి. ఈ రెండింటిని కూడితే పై సూత్రం వస్తుంది.

క, చ సమానమైతే ఇది సమాంతర చతుర్భుజ వైశాల్య సూత్రంగా మారుతుంది. చ విలువ సున్న అయితే త్రిభుజ వైశాల్య సూత్రం వస్తుంది.

ఉదాహరణ

ఒక పొలంలో సమాంతరంగా ఉన్న గట్లు 70 మీటర్లు, 40 మీటర్లు, మిగిలిన రెండు గట్లు 25 మీటర్ల చొప్పున ఉన్నాయనుకుందాం. ఎత్తు నేరుగా తెలియదు. చిన్న గట్టు రెండు చివరల నుండి పెద్ద గట్టుపైకి లంబాలు గీస్తే, ఇరువైపులా (70 − 40) ÷ 2 = 15 మీటర్ల భూమి గల లంబకోణ త్రిభుజాలు ఏర్పడతాయి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం,

ఎత్తు = √(25² − 15²) = √400 = 20 మీటర్లు

వైశాల్యం = ½ × (70 + 40) × 20 = 1100 చదరపు మీటర్లు

ఎత్తుకు బదులు ఏటవాలు గట్టు కొలత తీసుకుంటే 55 × 25 = 1375 చదరపు మీటర్లు వస్తుంది. అంటే లేని భూమి 275 చదరపు మీటర్లు, దాదాపు 6.8 సెంట్లు, లెక్కలో చేరుతుంది.

స్థూల పద్ధతి

ఎదురెదురు భుజాల సగటులను గుణించి పొలం వైశాల్యం కట్టే పద్ధతి ప్రాచీనమైనది. ఈజిప్టులోని ఎడ్ఫు దేవాలయ శాసనాలలో భూముల లెక్కలు ఈ విధంగానే ఉన్నాయి. దీర్ఘచతురస్రానికి తప్ప మరే చతుర్భుజానికైనా ఈ పద్ధతి అసలు వైశాల్యం కంటే ఎక్కువ చూపుతుంది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో దీనిని స్థూల ఫలంగా పేర్కొని, సూక్ష్మ ఫలానికి వేరే సూత్రం ఇచ్చాడు.

చరిత్ర

ఆర్యభటుడు ఆర్యభటీయంలోని గణితపాదంలో సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని ఎత్తుతో గుణించాలని చెప్పాడు. ఈ గ్రంథం క్రీ.శ. 499 నాటిదని భావిస్తారు. అంతకు ముందే, క్రీ.పూ. 350 - 50 మధ్య కాలపు బాబిలోనియా మట్టి పలకలలో, బృహస్పతి గ్రహం కదిలిన దూరాన్ని సమలంబ చతుర్భుజ వైశాల్యంగా లెక్కించారని 2016లో మాథ్యూ ఒసెన్‌డ్రైవర్ వెల్లడించాడు.

ఉపయోగాలు

సాగునీటి కాలువల అడ్డుకోత తరచుగా ఈ ఆకారంలోనే ఉంటుంది. ఆ వైశాల్యాన్ని నీటి సగటు వేగంతో గుణిస్తే ప్రవాహ పరిమాణం తెలుస్తుంది. కలన గణితంలో వక్రరేఖ క్రింది వైశాల్యాన్ని సన్నని సమలంబ చతుర్భుజాలుగా విభజించి ఉజ్జాయింపుగా కనుగొంటారు.