సైనికుని గుండెజబ్బు – పింఛను తగవులు



యుద్ధమున చేయి తెగినవాడు కచ్చేరికి పోయి తన మొండిచేతిని చూపిన చాలును, సాక్షులతో పనిలేదు. గుండె చెడినవాడేమి చూపగలడు? పైకి మనిషి నిండుగానే యుండును. నాలుగు మెట్లెక్కునప్పటికి రొప్పును. ఆ రొప్పు కొలువువలన వచ్చినదా, పుట్టుకతో వచ్చినదా, వయసుతో వచ్చినదా యని దొరతనమువా రడుగుదురు. ఈ ప్రశ్నను గూర్చి నూటయరువది యేండ్లకు పైగా నడచిన తగవే నేటి నా ప్రసంగమునకు విషయము.

1861 మొదలు 1865 వఱకు అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు ఘోరమైన అంతర్యుద్ధము జరిగెను. ఆ కాలమున ఫిలడెల్ఫియా నగరపు సైనిక వైద్యశాలలో డకోస్టా యను వైద్యుడుండెను. అతని యొద్దకు వచ్చిన సిపాయిలలో పెక్కుమందికి గాయములు లేవు. గుండె దడ, ఱొమ్ము నొప్పి, తల తిరుగుట, కొద్ది దూరము నడచినంతనే ఆయాసము, ఇవియే వారి బాధలు. వారిలో చాలమంది జ్వరములతోను అతిసారములతోను నీరసించి, తేరుకొనకముందే మరల బరువులు మోసి దండులతో నడచినవారు. అట్టి 300 మంది వృత్తాంతములను పరిశీలించి అతడు 1871లో నొక వ్యాసము ప్రకటించెను. నాటినుండి ఆ జబ్బునకు ‘సైనికుని గుండె’ యను పేరు వాడుకయైనది.

పేరు దొరకినది గాని పింఛను సులభముగా దొరకలేదు. 1862 నాటి చట్టము ప్రకారము, కొలువులో విధి నిర్వహించుచుండగా కలిగిన వైకల్యమునకే పింఛను. దానికి పైయధికారి యొక్కయో, దండు వైద్యుని యొక్కయో ధ్రువపత్రము కావలెను. ఆ యధికారి యుద్ధమున చనిపోయియుండిన, తోడి సిపాయిలను వెదకి ప్రమాణపత్రములు వ్రాయించుకొనవలెను. దరఖాస్తు త్రోసివేయబడిన అంతరంగిక వ్యవహారముల మంత్రికి అప్పీలు చేసికొనవలసినదే. 1864లో ఈ దరఖాస్తుల కర్తకు 10 డాలర్లకు మించి రుసుము ఈయరాదని చట్టము చేసిరి. దళారులు సిపాయిని దోచకుండుటకై చేసిన కట్టడి యది. అట్టి హద్దు 1988 వఱకు నిలిచెను. ఆ సొమ్మునకు ఏ న్యాయవాది కాగితము విప్పును? రక్షణకై కట్టిన గోడయే చెరసాల గోడ యయ్యెను. అయినను 1890లో చేసిన చట్టము మాత్రము గొప్పది: 90 దినములు కొలువుచేసి మంచి పేరుతో విడుదలపొంది, దేహకష్టము చేయజాలని వానికి, జబ్బు యుద్ధమువలన రాకున్నను, స్వయంకృతమైన దుర్వ్యసనఫలము కాకున్న పింఛను ఈయవచ్చుననిరి.

ఇక ఇంగ్లాండు సంగతి. 1870లో మయర్సు అను దండు వైద్యుడు, సిపాయికి బిగువైన ఉడుపులును ఱొమ్మును నొక్కు తోలుపట్టీలును గుండెకు చేటని వ్రాసెను. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చునప్పటికి ఈ జబ్బుతో వెనుకకు పంపబడిన సిపాయిలకొఱకు 1916లో లండనునందలి హాంప్‌స్టెడ్‌లో ప్రత్యేకముగా నొక వైద్యశాల పెట్టవలసివచ్చెను. అందు థామస్ లూయిస్ అను పండితుడు వారిచేత క్రమముగా వ్యాయామము చేయించి పరీక్షించెను. పెక్కుమంది గుండెలో అవయవలోపమేమియు లేదనియు, జబ్బు మనిషి యొక్క మొత్తము శక్తికి సంబంధించినదనియు తేల్చి, ‘గుండె’ యను మాటయే వద్దని దానికి వేఱు పేరు పెట్టెను. శాస్త్రదృష్టితో నది మేలైన పని. అయితే, ‘నీ గుండె చెడలేదు’ అను మాట రోగికి శుభవార్త, పింఛను కోరువానికి పిడుగుపాటు!

కంటికి కనబడని బాధను నమ్ముట కష్టము. కడుపునొప్పి యన్న బాలుని నమ్మక బల్లపై నిలువబెట్టి, సాయంకాలము వాని తండ్రి వచ్చి జ్వరమని చెప్పగా సిగ్గుపడిన ఉపాధ్యాయుడను నేను. కనుక ఆ వైద్యులను నిందించుటకు నాకు నోరు రాదు.

1919లో ఇంగ్లాండున పింఛను అప్పీళ్లకు మంత్రిశాఖతో సంబంధము లేని విచారణసభలను ఏర్పఱచిరి. ఒక్కొక్క సభలో ఒక న్యాయవాది, ఒక వైద్యుడు, ఒక మాజీ సైనికుడు. ఈ మూడవవానిని చేర్చుట నాకు మిక్కిలి నచ్చిన యంశము. కాని రెండవ యుద్ధారంభమున ఆ సభలును లేవు, ఋజువు చేయు భారమంతయు సిపాయిపైననే. ప్రజలలో అలజడి పుట్టి, 1943లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసెను. నియమమును తలక్రిందు చేసిరి. చేర్చుకొన్ననాడు ఆరోగ్యవంతుడని వ్రాసికొని, పిదప జబ్బుతో పంపివేసినచో, అది కొలువువలననే వచ్చినదని భావింపవలెను. కాదనువారే కాదని నిరూపింపవలెను. సంశయమున్న ఆ సంశయలాభము సిపాయిదే. చిన్ననాడు తర్కము చదివినవారికిది క్రొత్త కాదు. కొండపై పొగ కనబడిన నిప్పున్నదందుము. కాదు, అది మంచు అనువాడు మంచును చూపవలెను.

గుండెజబ్బునకు మఱియొక చిక్కు కలదు: అది ఆలస్యముగా బయటపడును. వియత్నాము అడవులలో 1962 నుండి 1971 వఱకు అమెరికా విమానములు ఆకులు రాల్చు విషద్రవములను చల్లినవి. అక్కడ కొలువుచేసినవారికి ముదిమిలో గుండెకు రక్తము చాలని జబ్బు వచ్చినచో, దానిని కొలువు ఫలముగనే భావింపవలెనని అమెరికా ప్రభుత్వము 2010లో నిశ్చయించెను. పూర్వము త్రోసివేసిన దరఖాస్తులనుగూడ దుమ్ము దులిపి మరల చూడవలసివచ్చెను. అప్పటికి ఎందఱు అప్పీలుదార్లు గతించిరో!

మన దేశమున 1982 నాటి పింఛను నియమములు సైనికునికి సంశయలాభ మొసగినవి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యెమున (అది మూర్ఛజబ్బు సంగతి) సుప్రీముకోర్టు, చేరునాడు జబ్బు వ్రాయబడనిచో కొలువులో వచ్చినదనియే భావింపవలెననియు, కాదను వైద్యమండలి కారణములు చూపవలెననియు తీర్పుచెప్పెను. 2023లో క్రొత్త నియమములు వెలువడినవి. తెలుగు సైనికుల అప్పీళ్లు 2009లో ఆరంభమైన సాయుధదళముల ట్రిబ్యునలునకు, దాని చెన్నపట్టణపు శాఖకు పోవును. గుండెపోటు తగవులలో నచట తఱచుగా వినబడు ప్రశ్న యొకటి: సరిహద్దున నుండగా వచ్చినదా, శాంతిస్థావరమున నుండగా వచ్చినదా? పోటు వచ్చుటకు ముందు 14 దినములు ఆతడేమి పనిచేసెనో ఆ పట్టిక తెమ్మందురు. మంచుకొండలలో కావలి కాచి, దిగివచ్చి, ఏడాది పిదప గుంటూరు వంటి ఊరిలో గుమాస్తా బల్లయొద్ద కూలినవాని పట్టికలో ఆ 14 దినములకు ఎదురుగా నుండునది ‘దస్త్రములు సరిచూచుట’ యను ఒక్క ముక్క.